టూల్ బాక్సా, విడి పానాలా? బైకు పని నేర్చుకునేవాళ్లకు ఏది మేలు?

ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పాత పేపర్లు పరిచి బైకు పక్కన కూర్చున్నానంటే చాలు, లిఫ్టు దిగిన ప్రతి ఒక్కరిదీ అదే ప్రశ్న: "ఏ కిట్ కొన్నారండీ? లింక్ పంపుతారా?" కిట్ కాదండీ, పానాలు విడివిడిగా కొన్నాను అంటే సగం మంది మొహాలు చిన్నబోతాయి. పంపడానికి లింకేమీ లేదు మరి. పదిమందికి విడివిడిగా చెప్పిన మాటే ఇక్కడ ఒక్కసారి రాసేస్తున్నా. నా దగ్గరున్నది పదకొండేళ్ల 100 సీసీ బైకు, ఇంట్లోవాళ్ల స్కూటీ ఒకటి. నేను చేసే పనులు కూడా పెద్దవేమీ కావు. చైన్ బిగించడం, ఆయిల్ మార్చడం, ప్లగ్ తుడవడం, ఎయిర్ ఫిల్టర్, బ్రేకు సర్దడం, అంతే.

చేతిలో రెండు వేలున్నాయనుకుందాం. దారులు మూడు. ఆన్‌లైన్‌లో దొరికే సాకెట్ (నట్టు మీద గిన్నెలా తొడిగే ముక్క) సెట్ డబ్బా, కొట్లో విడిగా కొత్త పానాలు, సంతలో పాత పానాలు.

ముందు డబ్బా సంగతి. మా బావమరిది పోయిన దసరా సేల్‌లో 46 ముక్కల సెట్ తెప్పించాడు. ఆరు వందల లోపే. తెరిచి చూస్తే సారె పళ్లెం సర్దినట్టు ప్రతి ముక్కకీ ఒక గూడు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. వారం తిరక్కుండానే ఫోన్. "బావా, చైన్ లూజైంది, నేనే బిగిద్దామని కూర్చున్నా. వెనక చక్రం నట్టుకి ఇందులో ఒక్కటీ పట్టట్లేదు, ఒకసారి రావా?"

వెళ్లి చూశా. ఆ డబ్బాలో సాకెట్లు 4 నుంచి 14 మిల్లీమీటర్ల దాకానే ఉన్నాయి. వాడి బండి యాక్సిల్ నట్టు 19. మిగతా ముక్కల్లో సగానికి పైగా స్క్రూడ్రైవర్ బిట్లు. ఒకవేళ 19 సాకెట్ విడిగా తెచ్చినా లాభం లేదు. సాకెట్ తొడిగి తిప్పే రాచెట్ ఆ సెట్‌లో పావు అంగుళం డ్రైవ్‌ది, అంటే సాకెట్ తగిలించే చదరపు మొన అంత సన్నం, పిడి జానెడు కూడా లేదు. వానల్లో తడిసి తుప్పు పట్టిన యాక్సిల్ నట్టు దానికి కదలదు. మనం బలం పెడితే లోపలి పళ్లే విరుగుతాయి. 46 ముక్కలుండి కూడా బైకు వాడు నెలకోసారి చేయాల్సిన పని ఆ డబ్బాతో కాలేదు. నేను వెళ్లేసరికే వాడు పక్కింటాయన స్క్రూ స్పానర్ (నోరు పెద్దదీ చిన్నదీ చేసుకునే పానా) తెచ్చి ప్రయత్నించినట్టున్నాడు, నట్టు రెండు మూలలు గుండ్రంగా అరిగిపోయి మెరుస్తున్నాయి.

డబ్బాని పూర్తిగా తీసిపారేయలేం. ప్యానెళ్లు, ఎయిర్ ఫిల్టర్ మూత, బ్యాటరీ టెర్మినల్, ఇండికేటర్, అద్దాలు లాంటి చిన్న పనులకి అది చాలా సుఖం. స్కూటీకి ఇంకా బాగా పనికొస్తుంది, దానికి చైనే లేదు కదా, పైన అంతా ప్లాస్టిక్ బాడీ, స్క్రూలు. స్కూటీ ఒక్కటే ఉన్నవాళ్లు డబ్బా కొన్నా నేను తప్పుపట్టను.

అసలు మాట మాత్రం సైజు. ఏ కంపెనీ, ఎన్ని ముక్కలు అన్నది తర్వాత. మీ బండికి ఏ సైజు నట్లున్నాయో తెలియకుండా ఏ సెట్ కొన్నా సగం డబ్బులు వృథా. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించేవి జపాన్ కంపెనీల నుంచి వచ్చినవో, ఒకప్పుడు వాటితో కలిసి బండ్లు చేసిన కంపెనీలవో. వాటిలో నట్టు, బోల్టు తలలు ఎక్కువగా 8, 10, 12, 14, 17, 19 మీద నడుస్తాయి. 6 మిల్లీమీటర్ల లావు బోల్టుకి 10 పానా. 8 మిల్లీమీటర్ల బోల్టుకి జపాన్ లెక్కలో 12, యూరప్ లెక్కలో 13. మనకు కొట్లో దొరికే రెండు మూతుల పానాలు 6-7, 8-9, 10-11, 12-13, 14-15, 16-17, 18-19, 20-22 అని జంటలుగా వస్తాయి. ఎనిమిది పానాల సెట్ కొన్నా నా బైకుకి అందులో 7, 9, 11, 15, 18 అసలు అక్కరకే రావు. పాత బుల్లెట్ ఉన్నవాళ్ల లెక్క మళ్లీ వేరు, వాళ్ల పాట్లు అంగుళాలతో.

కాబట్టి కొనేముందు ఒక పని చేయండి. పిల్లల జామెట్రీ బాక్సులో స్కేలు తీసుకుని బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేయండి. నట్టు మూల నుంచి మూలకి కొలవొద్దు, ఎదురెదురు చదును పక్కల మధ్య దూరం కొలవాలి. ఆయిల్ డ్రెయిన్ బోల్టు, వెనక యాక్సిల్, ముందు యాక్సిల్, చైన్ అడ్జస్టర్, బ్యాటరీ, ప్లగ్, అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్కటే జాగ్రత్త: యాక్సిల్‌కి రెండు పక్కలా పానా పడుతుంది, ఒకటి పట్టుకోవడానికి, ఒకటి తిప్పడానికి. రెండు పక్కలా ఒకే సైజైతే రెండు పానాలు కావాలి. నేను ఇది మర్చిపోయి ఒక్కటే తెచ్చుకుని మళ్లీ ఇంకోసారి రాణిగంజ్ టూల్స్ కొట్టుకి వెళ్లాను.

ఆ కాగితం జేబులో ఉంటే విడిగా కొనడమే చవక. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ, విజయవాడ ఆటోనగర్‌లో గానీ టూల్స్ కొట్టుకి వెళ్లి "16-17 రింగ్ ఒకటి, లూజుగా ఇవ్వండి" అంటే ఇస్తారు. నేను కొన్నప్పుడు ఒక్కో రింగ్ పానా సైజుని బట్టి 150 నుంచి 250 మధ్య పడింది. టపారియా లాంటి పేరున్నదే తెచ్చుకున్నా. ఎనిమిది నెలల్లో పని వచ్చినప్పుడల్లా ఒకటీ రెండూ కొంటూ పోతే మొత్తం పంతొమ్మిది వందలు దాటలేదు. ఒకేసారి రెండు వేలు తీయక్కర్లేకపోవడం నాలాంటి నెల జీతం వాడికి పెద్ద ఊరట.

రింగ్ అని గట్టిగా ఎందుకంటున్నానంటే, నోరు తెరిచి ఉండే మామూలు పానా నట్టుని రెండు పక్కల మాత్రమే పట్టుకుంటుంది. రింగ్ చుట్టూ ఆరు మూలలనీ పట్టుకుంటుంది. మీ వీధి మెకానిక్ చేతులు గమనించండి, బిర్రుగా ఉన్న నట్టుని మొదట కదిలించేది రింగ్‌తో, వదులయ్యాక గబగబా తిప్పేది మామూలు పానాతో, ఆఖరి బిగింపు మళ్లీ రింగ్‌తో. ఆ అలవాటు ఒక్కటి వస్తే మూలలు అరిగిన నట్లు మీ బండికి ఉండవు.

స్క్రూల విషయంలో కూడా ఇలాంటి తిరకాసే ఒకటుంది. మనం స్టార్ స్క్రూడ్రైవర్ అనేది ఫిలిప్స్ కొలతది. జపాన్ కంపెనీల దారిలో వచ్చిన బండ్లలో స్క్రూ తల చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది గానీ గాడి ఆకారం కొంచెం వేరు. మామూలు స్టార్ దానిలో పూర్తిగా దిగదు, గట్టిగా తిప్పితే జారి పైకొచ్చి గాడిని తినేస్తుంది. కొన్ని స్క్రూల తల మీద చిన్న చుక్క ఉంటుంది, అది జపాన్ కొలత గుర్తు. డబ్బాలో వచ్చే బిట్లతో కార్బురేటర్ జోలికి వెళ్లొద్దని చెప్పడానికే ఇదంతా.

పానా సరైనదైతే చాలు అనుకున్నా పొరపాటే. నేను రెండోసారి ఆయిల్ మార్చినప్పుడు కొత్త 17 రింగ్ చేతిలో ఉంది, ధీమాగా ఉన్నా. డ్రెయిన్ బోల్టు బిగించాక, లీకవుతుందేమోనని ఇంకో పావు తిప్పు తిప్పాను. బిగువుగా తగలాల్సిన చోట చేతికి మెత్తగా, వెన్నలో తిరిగినట్టు తగిలింది. థ్రెడ్ (లోపలి మర) పోయింది. ఇంజిన్ అడుగు అల్యూమినియం, బోల్టు ఉక్కు, పోయేది ఎప్పుడూ ఇంజినే. లేత్ షాపులో లోపల స్లీవ్ (కొత్త మరలున్న గొట్టం) వేయించేదాకా మూడు రోజులు బస్సు. ఇలాంటి చిన్న ఇంజిన్లలో ఆ బోల్టుకి చాలా కంపెనీలు చెప్పే బిగింపు కొలత 24, 25 న్యూటన్ మీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే జానెడు దూరాన పానా పట్టుకుని పది, పదకొండు కిలోల బరువు లాగినంత. పాతిక కిలోల బియ్యం బస్తాలో సగం కూడా కాదు. నేను లాగింది బస్తా మొత్తమే అయ్యుంటుంది. ఎంత బిగించామో చూపించే టార్క్ రెంచ్ కొనమని చాలామంది చెబుతారు, మంచిదే, కానీ మన బడ్జెట్‌కి అది మింగుడుపడదు. బోల్టు కింద వాషర్ కొత్తది వేసి, పానాని చివర కాకుండా మధ్యలో పట్టుకుని బిగించడం అలవాటు చేసుకున్నా. ఆ తర్వాత లీకూ లేదు, థ్రెడ్డూ పోలేదు.

ఇక సంత. హైదరాబాద్‌లో గురువారాల జుమ్మెరాత్ బజార్, ఆదివారాల ఎర్రగడ్డ. నేల మీద గోనె పరిచి కుప్పపోసిన పానాలు చూస్తే నాకు కాళ్లు కదలవు, అది వేరే జబ్బు. పాత ఫోర్జింగ్ (ఎర్రగా కాల్చి సుత్తితో కొట్టి చేసిన) పానాలు నిజంగానే గట్టివి, ధర కూడా కొత్తదానిలో మూడో వంతుకి తెగుతుంది. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లకి అక్కడ రెండు ఉచ్చులు. ఒకటి, నోరు తెరుచుకుపోయిన పానాలు. అందుకే జేబులో ఒక 10 బోల్టు, ఒక 17 నట్టు పెట్టుకుని వెళ్లండి, అక్కడే తొడిగి ఊపి చూడండి. రెండు, అంగుళాల పానాలు. 3/4 అని ఉన్నది 19.05 మిల్లీమీటర్లు, మన 19 నట్టుకి హాయిగా సరిపోతుంది. అదే 11/16 అయితే 17.46. 17 నట్టుకి తొడిగితే పట్టినట్టే ఉంటుంది, బలం పెట్టగానే మూలలు గీసేస్తుంది. ఈ తేడా కంటితో కనిపెట్టడానికి నాకే ఏడాది పట్టింది. అందుకే మొదటి రెండు మూడు పానాలు కొత్తవే కొనండి, సంత తర్వాత.

బండితో పాటు సీటు కిందో సైడ్ డబ్బాలోనో వచ్చే కంపెనీ టూల్స్‌ని పారేయకండి, అందులో ప్లగ్ పానా ఉంటే ఆ ఖర్చు మిగిలినట్టే. స్క్రూ స్పానర్ గ్యాస్ సిలిండర్ దగ్గర, కుళాయి దగ్గర ఉండాలి, బండి దగ్గరికి రాకూడదు. నట్లు తిప్పే బ్యాటరీ గన్ను గురించి కూడా అడుగుతున్నారు, చైన్ బిగించడానికి గన్నెందుకండీ.

పని నేర్చుకోవడానికి వీడియోలా, మెకానికా అంటే, వరస క్రమం తెలియడానికి వీడియో బాగుంటుంది. ఏది ముందు విప్పాలి, ఏది తర్వాత అన్నది ఆపి ఆపి చూసుకోవచ్చు. కానీ ఎంత బిగించాలన్నది స్క్రీన్ మీద కనిపించదు. అది చేతికి తెలియాల్సిన సంగతి. నేను మా వీధి చివర మెకానిక్ అన్న దగ్గర రెండు ఆదివారాలు స్టూలేసుకుని కూర్చున్నా. చైన్ సర్దేటప్పుడు కింది చైన్ మధ్యలో వేలు పెట్టి పైకీ కిందికీ ఆడించి, "ఈ మాత్రం ఆడాలి అన్నా, బిర్రుగా పెడితే బేరింగ్ తినేస్తది" అన్నాడు. ఇంటికొచ్చి స్కేలు పెట్టి కొలిస్తే దాదాపు పాతిక మిల్లీమీటర్లు. మాన్యువల్‌లోనూ 20 నుంచి 30 మధ్య అనే ఉంది. ఆయనకి ఇచ్చింది టీ డబ్బులే. పాత ఆయిల్ ఇప్పటికీ క్యాన్‌లో పట్టుకెళ్లి ఆయన డ్రమ్ములోనే పోస్తా, మోరీలో పోయకండి దయచేసి. ఫ్రీ సర్వీసులు మిగిలున్న కొత్త బండ్లని మాత్రం వారంటీ అయ్యేదాకా కెలక్కుండా ఉండటమే మంచిది.

కారుంటే లెక్క మారుతుంది. అక్కడ అర అంగుళం డ్రైవ్ సాకెట్లు, పొడవు పిడి కావాలి, రెండు వేలు చాలవు. ఒక్క మాట మాత్రం చెప్పాలి: జాకీ ఒక్కదాని మీద లేపిన కారు కిందకి దూరకండి, స్టాండ్లు పెట్టాకే.

మా బావమరిది డబ్బా ఇప్పుడు వాళ్లింట్లో టీవీ కింద ఉంది. స్విచ్ బోర్డులు, మిక్సీ, పిల్లవాడి సైకిల్ అన్నిటికీ అదే. వెనక నట్టు మార్పించి, 18-19 రింగులు రెండు నేనే ఇప్పించా. నిన్న రాత్రి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు: ముందు యాక్సిల్ నట్టు, దాని మీద అడ్డంగా పిల్లవాడి స్కేలు, పక్కన బొటనవేలు. కింద ఒకటే లైను, "17 అంటావా, 16 అంటావా బావా?" స్కేలు మూలల మీద పెట్టావురా, చదును పక్కల మీద పెట్టి మళ్లీ పంపు అన్నాను.