క్లూ చేతికొచ్చింది: మాటను ఉన్నట్టే నమ్మాలా, పొడుపుకథలా విప్పాలా?

మా దోస్తుల నిధి వేట ఆటలో వచ్చిన చీటీ ఇది: "ఒంటి రాయి ఊళ్లో తలుపుల్లేని నాలుగు వాకిళ్లు. నడిమి ఇల్లు కూలింది. పొద్దు పొడిచే దిక్కున నిలబడు."

ఉన్నట్టే చదివితే: ఆలోచన తక్కువ, తిరుగుడు ఎక్కువ. తలుపుల్లేని పాడుబడ్డ ఇళ్ల కోసం గల్లీలన్నీ తిరగాలి. పెట్రోల్ ఖర్చు, ఎండ.

విప్పి చదివితే: గంటసేపు కూర్చోవాలి, పైసా ఖర్చు లేదు. ఒంటి రాయి అంటే ఏకశిల, అంటే ఓరుగల్లే. నాలుగు వాకిళ్లు ఖిలా వరంగల్ కాకతీయ తోరణాలు. నడిమి ఇల్లు వాటి మధ్య శిథిలమైన స్వయంభూ శివాలయం. ఇలా ముడి వీడినప్పటి సంతోషం ఇంకెందులోనూ ఉండదు!

కానీ విప్పడంలో అసలు ప్రమాదం అతి తెలివి. మాలో ఒకరు "పొద్దు" అంటే సూర్యుడన్నారు. వేయిస్తంభాల గుడి శివుడు, విష్ణువు, సూర్యుడు కొలువైన త్రికూటాలయం కదా అని హన్మకొండకు బండి తిప్పించారు. పొద్దంతా పోయింది. చీటీలో పొద్దు పొడిచే దిక్కంటే తూర్పే, తూర్పు తోరణమే.

ఏ పద్ధతైనా రాయి కదపొద్దు, మట్టి తవ్వొద్దు. అవి రక్షిత కట్టడాలు.

దిక్కులు, అంకెలు, అడుగుల లెక్క ఉంటే ఉన్నట్టే చదవండి. ఊరి పేర్లు, దేవుళ్లు, ఇల్లు-వాకిలి లాంటి పోలికలుంటే విప్పండి. జట్టులో గంటసేపు కూర్చునే ఓపిక లేని పిల్లలుంటే ఉన్నట్టే చదవడం మేలు.