5.0 మస్టాంగ్‌కు గాలి దారి: ఫిల్టర్ మారిస్తే చాలా, కోల్డ్ ఎయిర్ కిట్ పెట్టాలా, ట్యూన్ దాకా వెళ్లాలా?

2016 నుంచి 2020 దాకా మన దేశంలో అమ్మిన ఫోర్డ్ మస్టాంగ్ జీటీలో ఉన్నది టర్బో లేని 5 లీటర్ల వీ8. ఇక్కడి బండికి కంపెనీ చెప్పిన పవర్ 6,500 ఆర్‌పీఎం దగ్గర 401 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్). ఆ వేగంలో ఇంజిన్ నిమిషానికి సుమారు 16,000 లీటర్ల గాలి పీల్చుకుంటుంది. అంత గాలి ఒకే ఫిల్టర్‌లోంచి పోవాలి కాబట్టి, దాన్ని తీసి కోన్ ఆకారపు పెద్ద ఫిల్టర్ పెడితే పవర్ ఎగబాకుతుందనిపించడం సహజమే. కానీ టర్బో లేని ఇంజిన్‌లో ఇప్పుడున్న ఫిల్టర్, పైపు దగ్గర ఎంత ఒత్తిడి పోతోందో, కోల్డ్ ఎయిర్ కిట్టు, అంటే కంపెనీ డబ్బా బదులు పెట్టే పెద్ద ఫిల్టర్, పైపు సెట్టు, తిరిగి తెచ్చేది ఇంచుమించు అంతే. ముందు దాన్ని కొలవాలి.

కొలవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. యూ ఆకారంలో వంచిన పారదర్శక ప్లాస్టిక్ ట్యూబులో సగం దాకా నీళ్లు పోసి, ఒక కొసను సన్నని గొట్టంతో ఫిల్టర్‌కూ, ఇంజిన్‌లోకి పోయే గాలిని అదుపు చేసే త్రాటిల్‌కూ మధ్య ఉన్న పైపుకు కలపాలి. రెండో కొసను గాలికి వదిలేయాలి. నీళ్లు ఇంజిన్ వైపు లాగకుండా ట్యూబు మీటరు ఎత్తయినా ఉండాలి. డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) మీద ఫుల్ త్రాటిల్ ఇచ్చి, పైఆర్‌పీఎంలో రెండు వైపుల నీటి మట్టాల తేడా చూడండి. 10 సెంటీమీటర్ల తేడా అంటే దాదాపు 1 కిలోపాస్కల్, అంటే పవర్‌లో సుమారు 1 శాతం. తేడా 20 సెంటీమీటర్లు ఉంటే, ఆ అడ్డంకి మొత్తం మాయమైనా వచ్చేది 8 పీఎస్. ప్రకటనల్లో చెప్పే అంకెలను ఈ లెక్కతో పోల్చి చూడండి.

ఇక వేడి. లోపలికి వెళ్లే గాలి 35 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు వేడెక్కితే దాని సాంద్రత 9 శాతం తగ్గుతుంది. పైగా ఆ వేడికి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) స్పార్క్ టైమింగ్‌ను కూడా వెనక్కి జరుపుతుంది. ఏ అడ్డూ లేని కోన్‌ను బానెట్ కింద వేలాడదీస్తే 2 శాతం ఒత్తిడి మిగులుతుంది, అంతకు కొన్ని రెట్లు వేడి దగ్గర పోతుంది. మే నెలలో విజయవాడ ట్రాఫిక్‌లో ఆగి కదిలే బండికి ఇది నికరంగా నష్టం. కంపెనీ ఎయిర్ బాక్స్ ముందు నుంచి చల్లగాలి తీసుకుంటుంది, మూత కింద ఇంజిన్ వేడి తగలనివ్వదు. చూడ్డానికి మామూలు ప్లాస్టిక్ డబ్బాలా ఉన్నా మంచి పనితనమే.

అందుకే మొదటి మార్గాన్ని, అంటే అదే డబ్బాలో కొత్త ప్యానెల్ ఫిల్టర్ వేయడాన్ని, తేలిగ్గా తీసిపారేయకూడదు. ఇందులో మూడు రకాలున్నాయి: కాగితం, నూనె పట్టించిన కాటన్, నూనె లేని సింథటిక్. కాటన్‌లో గాలి తేలిగ్గా పోతుంది, కానీ సన్నని దుమ్ము కూడా ఎక్కువ లోపలికి వస్తుంది. మన దుమ్ములో ఉండే ఇసుక పొడి పిస్టన్ రింగులను అరగదీస్తుంది. కాటన్ ఫిల్టర్‌ను కడిగి మళ్లీ నూనె వేసేటప్పుడు చేయి జారితే, ఆ నూనె ఆవిరి, లోపలికి పోయే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ వేడి తీగ మీద పేరుకుని కొలతే తప్పుతుంది. మన రోడ్లకు కాగితం గానీ సింథటిక్ గానీ మేలు. ఏది వేసినా 5,000 కిలోమీటర్ల తర్వాత ఫిల్టర్ దాటిన పైపు లోపల తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. మట్టి అంటితే ఫిల్టర్ అంచు సరిగా కూర్చోలేదన్న మాట.

రెండో మార్గం ట్యూన్ లేకుండా, అంటే ఈసీయూ ప్రోగ్రామ్‌ను తిరగరాయకుండా, పెట్టే కోల్డ్ ఎయిర్ కిట్. ఇక్కడ అసలు విషయం మాఫ్ సెన్సర్. అది ఎంత గాలి పోతోందో నేరుగా చూడదు. తన తీగ మీదుగా పోయే గాలి ఆ తీగను ఎంత చల్లబరుస్తోందో చూసి లెక్క కడుతుంది. ఆ లెక్క కంపెనీ పైపు వ్యాసానికి రాసింది. కిట్టు పైపు వ్యాసం 10 శాతం పెద్దదైతే వైశాల్యం 21 శాతం పెరుగుతుంది, తీగ దగ్గర గాలి వేగం తగ్గుతుంది, ఈసీయూ గాలి తక్కువ వచ్చిందనుకుని పెట్రోలు తక్కువ పోస్తుంది. ఆక్సిజన్ సెన్సర్లు కొంతవరకు సర్దుతాయి. అది దాటితే పెట్రోలు తక్కువైందని చెప్పే పీ0171, పీ0174 కోడ్‌లు వస్తాయి. కాబట్టి ట్యూన్ అక్కర్లేదని తయారీదారు రాసిచ్చిన కిట్టులో కూడా సెన్సర్ ఉండే చోట లోపలి వ్యాసం కంపెనీ పైపుతో సమానంగా ఉందో లేదో వెర్నియర్‌తో కొలవాలి.

కిట్టు పెట్టాక 50 కిలోమీటర్లు నడిపి, ఓబీడీ స్కానర్‌లో (ఈసీయూను చదివే పరికరం) లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోలును ఎంత శాతం సర్దుతోందో, చూడండి. రెండు బ్యాంకుల్లోనూ (వీ8లోని రెండు సిలిండర్ వరుసలు) 5 శాతం లోపు ఉంటే పర్వాలేదు. రెండూ ఒకేసారి చెరో 10 శాతం దాటితే మాఫ్ లెక్క తప్పినట్టు, లేదా సెన్సర్ తర్వాతి పైపులో గాలి దూరుతున్నట్టు. ఒక్క బ్యాంకే పెరిగితే లోపం ఆ వైపు మేనిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే భాగం) గాస్కెట్, ఇంజెక్టర్ లేదా ఆక్సిజన్ సెన్సర్ దగ్గర వెతకాలి.

బిగింపులో ఎక్కువగా జరిగే తప్పులన్నీ ఆ పైపు దగ్గరే. క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింది భాగం) ఆవిర్లు తెచ్చే గొట్టం సగమే ఎక్కడం, ఇంజిన్ శబ్దాన్ని క్యాబిన్ వైపు తీసుకెళ్లే గొట్టం తీసేసి ఆ రంధ్రం మూయకపోవడం, సెన్సర్ మీది బాణం గుర్తును తిరగేయడం, క్లాంపు బిగించి బిగించి సిలికాన్ చీల్చడం. బ్యాటరీ నెగటివ్ తీసి, చల్లారిన ఇంజిన్ మీద పని మొదలుపెట్టండి. సెన్సర్ తీగను వేలితో తాకొద్దు. మాఫ్ క్లీనర్ స్ప్రే తప్ప బ్రేక్ క్లీనర్, కార్బ్ క్లీనర్ కొట్టొద్దు. బాగా ఆరాకే కనెక్టర్ పెట్టండి.

మూడో మార్గం కిట్టుతో పాటు ఈసీయూ ట్యూన్. నిజంగా తేడా తెలిసేది ఇందులోనే. ఆ తేడాలో పెద్ద వాటా స్పార్క్, క్యామ్ టైమింగ్‌లను, త్రాటిల్ స్పందనను మార్చినందుకే వస్తుంది, పైపు వాటా చిన్నది. ఇక్కడ మనవాళ్లు తరచూ పొరబడేది ఆక్టేన్ దగ్గర, అంటే పెట్రోలు నాక్‌ను (సిలిండర్‌లో అదుపు తప్పి పేలడాన్ని) ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె దగ్గర. అమెరికా బంకు మీద కనిపించే 93 మన 93 కాదు. అక్కడ రాసేది రెండు పరీక్షల సగటు, మన దగ్గర రాసేది వాటిలో ఒక పరీక్ష అంకె, ఆర్‌ఓఎన్. అక్కడి 93 ఇక్కడి లెక్కలో దాదాపు 98, అక్కడి 91 ఇక్కడ 95-96. డల్లాస్‌లో ఉన్న స్నేహితుడు పంపిన 93 ట్యూన్ ఫైల్‌ను మామూలు పెట్రోలుతో నడిపితే, 11:1 కంప్రెషన్ ఉన్న ఈ ఇంజిన్‌లో నాక్ సెన్సర్లు టైమింగ్‌ను లాగేస్తూనే ఉంటాయి. డబ్బు పెట్టి కొన్న పవర్ వేసవిలో కనబడదు. ఊళ్లో ఎక్స్‌పీ100 లాంటి ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు ఎప్పుడూ దొరికితేనే ఆ ఫైల్ జోలికి పోండి. లేదంటే 95 ఆర్‌ఓఎన్‌కు రాయించుకోండి.

మస్టాంగ్‌లోనే మరో రకమైన జీటీ350 మేనిఫోల్డ్, 87 మిల్లీమీటర్ల త్రాటిల్ బాడీ గురించి చాలామంది అడుగుతారు. 80 మిల్లీమీటర్ల కంపెనీ త్రాటిల్‌ను ఒక్కదాన్నే మారిస్తే ఒరిగేది లేదు. ఆ మేనిఫోల్డ్ పుట్టింది 8,250 ఆర్‌పీఎం దాకా తిరిగే ఇంజిన్ కోసం. పైఆర్‌పీఎంలో పవర్ ఇస్తుంది, మధ్యలో తగ్గిస్తుంది. ఎక్కువసేపు 2,000-4,000 మధ్య తిరిగే మన ఆటోమేటిక్ బండికి అది తగదు.

ఊళ్లో, హైవే మీద నడిపే బండికి మేలైనది కంపెనీ డబ్బా, మంచి ఫిల్టర్, తగిన ఆక్టేన్‌కు రాసిన ట్యూన్. ట్రాక్ మీద తరచూ తిప్పేవాళ్లకే బానెట్‌కు ఆనుకుని మూసుకునే పెట్టె ఉన్న కిట్టు. ఫిల్టర్‌ను బంపర్ కిందికి దించే కిట్టు మాత్రం ఎవరికీ వద్దు. వానాకాలంలో నీళ్లు నిలిచిన అండర్‌పాస్‌లో ఒక్క గుక్క లోపలికి పోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు కిట్టుకు కార్బ్ (అక్కడి వాయు కాలుష్య నియంత్రణ మండలి) ఇచ్చే ఈఓ అనుమతి నంబర్ ఉందో లేదో కొనేముందే చూసుకోవాలి, లేకపోతే స్మాగ్ (పొగ) తనిఖీలో బండి ఆగిపోతుంది.

ముందూ తర్వాతా డైనో కొలిపిస్తే అదే రోజు, అదే గేరులో, బానెట్ మూసి, మూడేసి సార్లు తిప్పమనండి. బానెట్ ఎత్తి ముందు పెద్ద ఫ్యాన్ పెడితే ఏ కోన్ అయినా గెలుస్తుంది. ప్రతి రన్ మొదట్లో లోపలి గాలి ఉష్ణోగ్రత ఎంతో కాగితం మీద రాయించుకోండి. ఆ అంకె లేని పవర్ గ్రాఫుతో ఏ రెండు కిట్లనూ పోల్చలేం.