గండికోటా, పాపికొండలా: ఏ గండికి ముందు బయల్దేరాలి?

చెరువుకట్ట తెగితే గండి పడిందంటాం. ఏరు కొండను కోసుకుపోయినా మనవాళ్లు అదే మాట వాడారు. కడప జిల్లాలో పెన్న ఎర్రమల కొండలను చీల్చిన చోట కట్టిన కోట గండికోట. గోదావరి తూర్పు కనుమలను తెంచుకుని మైదానంలోకి దిగే చోట వెలసిన అమ్మవారు గండి పోచమ్మ. రాజమండ్రి వైపు నుంచి వెళ్లేవాళ్లు పాపికొండల బోటు ఎక్కేది ఆ గుడి దగ్గరి రేవులోనే. పేర్లలో ఇంత చుట్టరికం ఉన్నా చూసే తీరులో మాత్రం పోలికే లేదు. గండికోటలో గండిని పైనుంచి, నడిచి చూస్తాం. పాపికొండల్లో కిందనుంచి, నీళ్ల మీద కూర్చుని చూస్తాం. ఎవరికి ఏది నప్పుతుందన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

వెంట మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, ఎత్తుకోవాల్సిన పిల్లలు ఉంటే పాపికొండలు. చరిత్ర, రాళ్లు, తెల్లవారుజాము వెలుతురు, గుడారంలో రాత్రి కావాలంటే గండికోట. వానాకాలంలో అయితే పాపికొండల ఊసే వద్దు. ఏప్రిల్, మే నెలల్లో గండికోట వద్దు.

రాయి తేడా

రెండు చోట్లా ఏరు కొండను కోసిన మాట నిజమే గానీ కోయించుకున్న రాయి వేరు. గండికోట గోడలు ఎర్రగా కనిపించేసరికి చాలామంది గ్రానైట్ అనేస్తారు. అది గ్రానైట్ కాదు, క్వార్ట్‌జైట్. కోట్లాది ఏళ్ల కిందట నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి అలా రాయైంది. భూగర్భ శాస్త్రంలో ఈ పొరకు ఊరి పేరే పెట్టారు: గండికోట క్వార్ట్‌జైట్. అంచు దగ్గర వంగి చూస్తే పొరలు చాపలు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. కొన్ని పలకల మీద ఏటి ఒడ్డు ఇసుకలో పడే అలల గీతలు రాయిగా మారి అలాగే ఉండిపోయాయి. ఈ రాతికి నిలువు పగుళ్లు ఎక్కువ. కింద నీరు తొలిచేకొద్దీ పై దిమ్మలు ఆ పగుళ్ల వెంట విడిపోయి నిలువుగా జారిపడతాయి. గోడలు ఏటవాలుగా కాక రంపంతో కోసినట్టు నిటారుగా ఉండటానికి కారణం ఇదే. అంచు నుంచి నీటి దాకా రెండు మూడు వందల అడుగులు ఉంటుంది.

పాపికొండల్లో ఉన్నవి తూర్పు కనుమల ఖోండలైటు, చార్నకైటు శిలలు. ఖోండలైటు వానకు చివికి లోతైన ఎర్రమట్టి అవుతుంది. ఆ మట్టిలో చెట్టు వేళ్లూనుకుంటుంది, చెట్టు మట్టిని పట్టి ఉంచుతుంది. పైగా వానలు కడప కంటే బాగా ఎక్కువ. అందుకే అక్కడ రాతిగోడ కనిపించదు. నీటి దాకా వాలిన పచ్చటి కొండలు, వెదురు పొదలు కనిపిస్తాయి. క్వార్ట్‌జైటుకు మట్టిగా మారే గుణం బాగా తక్కువ కాబట్టి గండికోట అంచున ముళ్లపొదలు తప్ప నీడనిచ్చే చెట్టు దొరకడం కష్టం. ఫొటోల్లో ఒకటి ఎర్రగా, ఇంకొకటి పచ్చగా ఉండటం వెనక కథంతా ఇదే.

జంతువుల విషయంలో పోటీ లేదు. పాపికొండ అడవి 1978 నుంచి అభయారణ్యం, 2008 నుంచి జాతీయ పార్కు. విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే. పులి, అడవిదున్న, అరుదైన బంగారు బల్లి అక్కడి జీవాలు. అయితే బోటులోంచి అవి కనిపిస్తాయని ఆశపడొద్దు. ఇంజను మోత, పైన మైకులో పాటలు కలిస్తే కొంగ కూడా నిలవదు. అడవి మీదే మనసుంటే బోటు మర్నాడు మారేడుమిల్లి వైపు ఒక పూట పెట్టుకోవాలి.

చరిత్ర

ఇక్కడ గండికోటదే పైచేయి. కోటను 1123లో కాకరాజు కట్టించాడని, ఆయన కల్యాణి చాళుక్య రాజు ఆహవమల్ల సోమేశ్వరుడి సామంతుడని చెబుతుంటారు. ఆ సోమేశ్వరుడు 1068లోనే పోయాడు. ఏడాదైనా తప్పయి ఉండాలి, రాజు పేరైనా తప్పయి ఉండాలి. తర్వాత విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు రెండు వందల ఏళ్లకు పైగా ఏలారు. ఇప్పుడు కనిపించే మాధవరాయ ఆలయ గోపురం ఆ వైభవానికి గుర్తు. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోటను పట్టాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఇక్కడికే వచ్చి అతన్ని కలిశాడు. గుళ్లలోని రాగి విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోయించే పనిని మీర్ జుమ్లా ఒక ఐరోపా ఫిరంగిగాడికి అప్పగించిన సంగతి కూడా తావెర్నియే రాసిపెట్టాడు. మాధవరాయ ఆలయంలో ఖాళీ గర్భగుడి ముందు నిలబడినప్పుడు ఈ ముక్క గుర్తుంటే చూపు మారుతుంది. పక్కనే జామియా మసీదు, ధాన్యాగారం, పావురాల గోపురం, కాస్త అవతల రంగనాథాలయం, అన్నీ నడక దూరంలోనే.

పాపికొండల చరిత్ర కట్టడాల్లో లేదు, మనుషుల్లో ఉంది. చిగురు పన్ను పేరుతో కల్లు మీద సర్కారు చెయ్యేసినందుకు 1879లో లేచిన రంప పితూరి ఈ కొండలదే. 1922–24 నాటి అల్లూరి సీతారామరాజు పోరాటమూ ఈ మన్యానిదే. బోటులో మైకు పట్టుకున్నవాళ్లు సినిమా షూటింగుల గురించి చెప్పినంత వివరంగా ఇవి చెప్పరు, కాబట్టి ముందే చదువుకుని వెళ్లడం మేలు. దారిలో బోటు ఆగే పేరంటపల్లిలో దిగినప్పుడు మాత్రం గుడి చూసి పరుగెత్తుకు రాకుండా అక్కడి గిరిజనులైన కొండరెడ్లు అమ్మే వెదురు పూలూ బొమ్మలూ చేతిలోకి తీసుకుని చూడండి. ఒకే వెదురు ముక్కను కత్తితో పొరలు పొరలుగా లేపి పువ్వు చేస్తారు.

పాపికొండలకు ఎలా

దారులు రెండు. రాజమండ్రి నుంచి నలభై కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు మీద గండి పోచమ్మ గుడికి వెళ్లి బోటెక్కి ఎదురు ప్రవాహంలో సాగడం ఒకటి. భద్రాచలం నుంచి డెబ్బై కిలోమీటర్లకు పైగా వెళ్లి పోచవరం రేవులో ఎక్కి దిగువకు రావడం రెండోది. రాజమండ్రి దారిలో మైదానపు గోదావరి, కొండల గోదావరి రెండూ వరుసగా చూస్తాం. భద్రాచలం దారిలో ఎక్కగానే కొండలే. తెలంగాణ నుంచి వచ్చేవాళ్లకు, రాములవారి దర్శనం కలుపుకునేవాళ్లకు రెండోది నయం. మిగతావాళ్లకు మొదటిదే.

రాజమండ్రి దగ్గర రైలు వంతెన రెండున్నర కిలోమీటర్లకు మించిన పొడవున్న నది ఇదే. పాపికొండల్లో కొన్ని వందల మీటర్లకు కుంచించుకుపోతుంది. నీరు తగ్గదు, లోతు పెరుగుతుంది. మలుపుల్లో సుడులు లేస్తాయి. ఎండాకాలంలో అద్దంలా ఉండే నీరే వరదలో బోటు మీద పట్టు తప్పిస్తుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు మందం దగ్గర 77 మందితో వెళ్తున్న బోటు మునిగిన రోజున నది వరదలోనే ఉంది. ప్రాణాలతో బయటపడ్డది 26 మంది. బోటును అక్టోబరు 22న గానీ ధర్మాడి సత్యం బృందం పైకి లాగలేకపోయింది. ఆ తర్వాతే రేవుల్లో కంట్రోల్ రూములు వచ్చాయి. బోటు కదిలే ముందు జాకెట్లు, ప్రయాణికుల సంఖ్య అక్కడ చూస్తారు.

అందుకే నవంబరు నుంచి మార్చి దాకా వెళ్లండి. జులై నుంచి అక్టోబరు దాకా టికెట్టు ఎవరైనా అమ్ముతామన్నా కొనొద్దు. కొన్నాక ఆపేస్తే డబ్బు తిరిగి రావడానికి తల ప్రాణం తోకకొస్తుంది, ఆపకపోతే అంతకన్నా ప్రమాదం. బయల్దేరే ముందురోజు భద్రాచలం నీటిమట్టం చూసుకోండి. 43 అడుగులంటే మొదటి ప్రమాద హెచ్చరిక. బోట్లు అంతకు చాలా ముందే ఆగిపోతాయి.

రోజు ఇలా గడుస్తుంది. పొద్దున ఎనిమిదికల్లా రేవులో ఉండాలి. అందరి ఆధార్ కార్డులూ చేతిలో ఉంచుకోండి. లైఫ్ జాకెట్ ఇస్తే ఒళ్లో పెట్టుకోకుండా తొడుక్కుని బిగించండి. నడుము పట్టీ వదులైతే నీళ్లలో పడ్డప్పుడు జాకెట్ మెడలోంచి పైకి జారి ముఖానికి అడ్డం పడుతుంది, మనిషిని తేల్చదు. మూసి ఉన్న ఏసీ గదిలో కాకుండా మెట్లకు దగ్గరగా కూర్చోండి. గాలీ వస్తుంది, బయటికి దారీ ఉంటుంది. పాటలు వద్దనుకుంటే స్పీకర్లకు దూరంగా అంచు సీటు ముందే పట్టుకోవాలి. టిఫినూ భోజనమూ టికెట్టులోనే ఉంటాయి. కొండల్లోకి వెళ్లాక ఫోను సిగ్నల్ పోతుంది. తిరిగొచ్చేసరికి సాయంత్రం అవుతుంది, అదే రాత్రి రైలుకు టికెట్టు చేయించుకుంటే కనీసం మూడు గంటల వెసులుబాటు పెట్టుకోండి.

గండికోటకు ఎలా

జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. రైల్లో వచ్చేవాళ్లకు ముద్దనూరు గానీ, ఎర్రగుంట్ల–నంద్యాల లైనులోని జమ్మలమడుగు గానీ దిక్కు. కోటకు బస్సులు తక్కువ. ఆటో మాట్లాడుకుంటే తిరుగు ప్రయాణానికీ కలిపే మాట్లాడుకోండి, పైన ఖాళీ ఆటో దొరకదు. పెట్రోలు, డబ్బు, మందులు, రాత్రి తినడానికేమైనా జమ్మలమడుగులోనే చూసుకోవాలి. టూరిజం వాళ్ల హరిత హోటల్లో శని, ఆదివారాల గదులు ముందే నిండిపోతాయి.

ఇక్కడ అందరూ చేసే తప్పు పన్నెండు గంటలకు చేరి రెండింటికి వెళ్లిపోవడం. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు నీడలుండవు, నీడ లేకపోతే గోడల పొరలు తెలియవు. లోయ ఒట్టి ఎర్ర గుంతలా కనిపిస్తుంది. మధ్యాహ్నం మూడింటికి చేరి గుళ్లు, ధాన్యాగారం చూసి, పొద్దు వాలేటప్పటికి అంచుకు వెళ్లి, రాత్రి ఉండి, తెల్లారి సూర్యోదయానికి ముందే మళ్లీ అదే అంచుకు వెళ్లాలి. ఒకే గోడ రెండు పూటలా రెండు రంగుల్లో కనిపిస్తుంది.

అంచు దగ్గర కంచె లేని చోట్లున్నాయి. దిమ్మల మధ్య సందులు అడుగు నుంచి గజం దాకా ఉంటాయి. దూకి దాటితే దాటవచ్చు గానీ పలకలు నున్నగా అరిగి ఉన్నాయి, చెప్పులు జారతాయి. పట్టున్న బూట్లు వేసుకోండి, తెల్లవారుజామున తలకు కట్టుకునే టార్చి ఉంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఫోన్ చూస్తూ వెనక్కి అడుగెయ్యడం ఇక్కడ పనికిరాదు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు. కవర్లో అరటిపళ్లు వేలాడేసుకుని నడిస్తే కోతులు వదలవు.

గుడారం వేసేవాళ్లకు ఒక మాట: నేల మీద బెత్తెడు మట్టి, కింద రాయి. మేకులు దిగవు. పదేసి మీటర్ల తాడు రెండు మూడు తెచ్చుకుని గుడారాన్ని పెద్ద రాళ్లకు కట్టుకోవాలి. అంచుకు దూరంగా, గోడ చాటున వెయ్యాలి. రాత్రి లోయలోంచి వచ్చే గాలికి వదులుగా ఉన్న గుడ్డ తెల్లవార్లూ టపటపలాడుతుంది, నిద్ర ఉండదు.

లోయలో నీరుంటే కయాక్ నడపవచ్చు. ఈ నీరు పెన్న ఇష్టం కాదు. ఎగువన గండికోట రిజర్వాయరు (26.85 టీఎంసీలు), దిగువన మైలవరం, రెంటి మధ్య లోయ. మైలవరం నిండితే వెనుక నీరు లోయలోకి ఎగదన్నుతుంది, ఖాళీ చేస్తే పచ్చటి చార మిగులుతుంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వెళ్లే ముందు అక్కడివాళ్లకు ఫోన్ చేసి నీళ్లున్నాయా అని ఒక్క మాట అడగండి.

రెండో రోజు బెలుం గుహలు కలుపుకోండి. అరవై కిలోమీటర్ల దూరం. అది సున్నపురాయి, అందుకే నీరు దాన్ని కోయలేదు, కరిగించుకుంటూ పోయింది. మూడు కిలోమీటర్లకు పైగా గుహలో సందర్శకులకు తెరిచింది సుమారు ఒకటిన్నర కిలోమీటరు. లోపల ఉక్క, ఉబ్బసం ఉన్నవాళ్లు బయటే ఉండటం మంచిది.

మరి ముందు ఏది?

ఖర్చులో పెద్ద తేడా లేదు. బోటు టికెట్టు మనిషికి వెయ్యి అటూఇటూ, గండికోటలో ఆ డబ్బు గదికీ ఆటోకీ పోతుంది. తేడా వాయిదా వేయడంలో ఉంది.

గండికోట రాయి ఎక్కడికీ పోదు. పైగా 2024లో కేంద్రం దాని అభివృద్ధికి 77.91 కోట్లు మంజూరు చేసింది, సౌకర్యాలు పెరుగుతాయి. జనమూ పెరుగుతారు అనుకోండి. పాపికొండల సంగతి అలా కాదు. 2021 జూన్‌లో గోదావరిని పోలవరం స్పిల్‌వే మీదుగా మళ్లించినప్పటి నుంచే దేవీపట్నం వైపు ఊళ్లు ఓ మోస్తరు వరదకే మునుగుతున్నాయి. పట్టిసీమ నుంచి నేరుగా బోటులో వెళ్లే పాత దారి పోయింది. జలాశయాన్ని పూర్తి మట్టానికి, అంటే 45.72 మీటర్లకు నింపిన నాడు ఇసుక తిన్నెలు, ఒడ్డున ఉన్న ఊళ్లు, రేవు మెట్లు నీటి కింద ఉంటాయి. కొండలు ఉంటాయి గానీ పొట్టిగా కనిపిస్తాయి. పారే ఏరు కాస్తా నిలిచిన చెరువవుతుంది.

కాబట్టి రెండూ చూడనివాళ్లు ఈ చలికాలం గండి పోచమ్మ రేవుకు వెళ్లండి. గండికోట వచ్చే ఏడాది డిసెంబరుకు పెట్టుకోవచ్చు, హరితలో గది మాత్రం నవంబరులోనే అడిగి ఉంచుకోండి.