మనాటీల కోసం నీటిలోకి దిగడమా, గట్టున నిలవడమా?

శీతాకాలపు సెలవులకు ఫ్లోరిడా వెళ్లే మిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది: క్రిస్టల్ రివర్ అనే ఊరికి వెళ్లి మనాటీల (నీటిలోనే ఉండి గడ్డి మేసే పెద్ద క్షీరదాల) మధ్య ఈదడం మేలా, ఆర్లాండోకు చేరువలోని బ్లూ స్ప్రింగ్ పార్కులో గట్టున నిలబడి చూసి రావడం మేలా? గత రెండు శీతాకాలాల్లో రెండు చోట్లకూ వెళ్లి వచ్చాను కాబట్టి, నాకు తోచిన సమాధానం ఒకచోట రాసి పెట్టడం మంచిదనిపించింది. మనాటీ ఎంత సాధుజీవో, ఏనుగుకు ఎంత దగ్గరి చుట్టమో అడిగేవారికి ముందే తెలుసు కనుక ఆ పరిచయం జోలికి పోవడం లేదు.

రెండింటికీ ఉన్న ప్రధానమైన తేడా చట్టం పెట్టినది. బ్లూ స్ప్రింగ్‌లో నవంబరు మధ్య నుంచి మార్చి చివరి వరకు ఊటనీటిలో మనుషులెవరూ కాలు పెట్టకూడదు. క్రిస్టల్ రివర్ ఉన్న సిట్రస్ కౌంటీలో మాత్రం, కింగ్స్ బే అనే, ఊటలతో నిండిన చిన్న అఖాతంలో, నిబంధనలకు లోబడి మనాటీలున్న నీటిలో ఈదవచ్చు. ఆ నిబంధనలు నామమాత్రమైనవి కావు. 2012లో కింగ్స్ బే మొత్తాన్ని మనాటీల రక్షిత ప్రాంతంగా ప్రకటించినప్పుడు, వాటిని తరమడం, చుట్టుముట్టడం, నిద్రపోతున్నదాన్నో మేస్తున్నదాన్నో తాకడం, పైనుంచి వాటి మీదికి మునగడం, తల్లిని పిల్లనుంచి వేరు చేయడం, తిండిగానీ నీళ్లుగానీ పెట్టడం ఇవన్నీ పేరుపేరునా నిషేధించారు. సమాఖ్య చట్టాల కింద జరిమానా 50,000 డాలర్ల వరకు, జైలు శిక్ష ఏడాది వరకు ఉండవచ్చు.

అయితే నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చేది చట్టం కాదు, చలి. మనాటీ మూడు మీటర్ల పొడవు, 400 నుంచి 500 కిలోల బరువు ఉంటుంది కాబట్టి దానికి చలి సోకదని చాలామంది అనుకుంటారు. నిజానికి దాని ఒంట్లో తిమింగలానికి ఉన్నంత కొవ్వు పొర లేదు, గడ్డి తిని బతికే ఆ దేహంలో వేడి పుట్టడం కూడా నెమ్మదే. నీరు 20 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడి చాలా రోజులు అలాగే ఉంటే అది జబ్బుపడుతుంది, చర్మం పుళ్లు పడుతుంది, తిండి మానేసి చిక్కి చనిపోతుంది. 2010 నాటి చలికి ఫ్లోరిడాలో వందలకొద్దీ మనాటీలు ఇలాగే పోయాయి. నేలలోంచి ఉబికే ఊటనీరు మాత్రం ఏడాది పొడవునా 22 డిగ్రీల దగ్గరే ఉంటుంది కనుక, మెక్సికో సింధుశాఖ, నదులు చల్లబడగానే చాలా మనాటీలు ఊటల్లోకి వచ్చి చేరుతాయి. అంటే అవి అక్కడికి మనల్ని చూడడానికి రావడం లేదు, చలి కాచుకోవడానికి వస్తున్నాయి. మనం దిగిన అలజడికి బెదిరి ఒక మనాటీ ఊట వదిలి చల్లటి నదిలోకి వెళ్లిపోతే, అది దాచుకున్న ఒంటి వేడిని మనం కాజేసినట్టే.

ఇక్కడే ఒక చిక్కుంది. మనాటీలు అత్యధికంగా కనిపించేది అతి చల్లని ఉదయాల్లో, మనం నీటిలోకి దిగకుండా ఉండవలసిందీ సరిగ్గా ఆ ఉదయాల్లోనే. పర్యటన ప్రకటనల్లో మొదటి సగమే చెబుతారు. కింగ్స్ బేలోని త్రీ సిస్టర్స్ ఊటలను చలి ముదిరినప్పుడు ఈతగాళ్లకు తాత్కాలికంగా మూసివేయడంలో ఉన్న మర్మం ఇదే. డబ్బు కట్టి వచ్చాక మూసేశారని విసుక్కునేవారిని నేను కళ్లారా చూశాను. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ కాస్త విసుక్కున్నానని ఒప్పుకోవాలి.

చలి ఒక మోస్తరుగా ఉన్న రోజున దిగదలచినవారికి రెండు దారులున్నాయి: గైడ్‌తో పడవలో వెళ్లడం, లేదా కయాక్ (తెడ్డు వేసుకుంటూ నడిపే చిన్న పడవ) అద్దెకు తీసుకుని సొంతంగా వెళ్లడం. ఖర్చు తక్కువ కాబట్టి రెండోది ఆకర్షిస్తుంది కానీ, కొత్తవారికి నేను చెప్పను. తాళ్లు, నీటిపై తేలే గుర్తులు కట్టి మనుషులకు మూసివేసిన విశ్రాంతి భాగాలు ఎక్కడ మొదలవుతాయో, నీటి అడుగున రాయిలా పడి ఉన్నది నిద్రపోతున్న మనాటీయో కాదో తొలిసారి వచ్చినవారికి తెలియదు. గైడ్‌లోనూ మంచి చెడులున్నాయి. నేను మొదట వెళ్లిన పడవలో పన్నెండు మందిమి ఒకేసారి దిగాం, గైడ్ మమ్మల్ని దించి తాను పైనే ఉండిపోయాడు. ఐదు నిమిషాల్లో అడుగు బురద లేచి నీరు పాలలా అయిపోయింది, మనాటీ మమ్మల్ని దాటుకుని వెళ్లిపోయింది. రెండోసారి ఆరుగురమే. గైడ్ మాతోపాటు దిగి, కాళ్లకు ఈత రెక్కలు వద్దని చెప్పి, చంకల కింద తేలే నురగ కడ్డీలు ఇచ్చి, కదలకుండా బోర్లా తేలమన్నాడు. వెట్‌సూట్ (ఒంటికి అతుక్కుని ఉండే రబ్బరు ఈత దుస్తు) కూడా వెచ్చదనానికే కాక, తేలడానికీ పనికొచ్చింది. పది నిమిషాలు అలా చెట్టుకొమ్మలా ఉన్నాక ఒక తల్లి, దాని రెక్క వెనుక పాలు తాగుతున్న పిల్ల మా ముందు నుంచి తీరిగ్గా సాగిపోయాయి. చేయి చాపాలనిపించడం సహజమే, చాపకుండా ఉండడం కోసమే చేతులు కట్టుకున్నాను. కనుక పడవ మాట్లాడుకునేటప్పుడు ధర కంటే ముందు రెండు ప్రశ్నలు అడగండి: ఒక గైడ్‌కు ఎందరు, ఆ గైడ్ నీటిలోకి దిగుతాడా లేదా.

బ్లూ స్ప్రింగ్ సంగతికి వస్తే, అక్కడ ఈత లేదన్న లోటును సంఖ్య పూడుస్తుంది. 2024 జనవరిలో ఒకే రోజున అక్కడ 900కు పైగా మనాటీలను లెక్కించారు. స్ఫటికంలాంటి ఆ నీటిలో అవి బారులు తీరి పడుకుని ఉండటం, కొన్ని నిమిషాలకొకటి ముక్కు పైకెత్తి ఉస్సురని ఊపిరి వదలడం చెక్కబాట మీద నుంచి స్పష్టంగా కనిపిస్తుంది, వినిపిస్తుంది. పడవల ఇంజన్ల పంకాలు కోసిన మచ్చలు లేని వీపు అరుదని కూడా అక్కడే గమనించాను. ఈత రానివారికి, చిన్నపిల్లలున్నవారికి మరో ఆలోచన అక్కర్లేదు. చలి ఎంత ముదిరితే ఇక్కడ అంత బాగుంటుంది, మనవల్ల వాటికి పైసా నష్టం లేదు. వారాంతాల్లో కార్లు నిలిపే చోటు ఉదయమే నిండిపోతుంది, అదొక్కటే ఇబ్బంది.

మిగిలినవాటి గురించి రెండు ముక్కలు. హోమోసాసా స్ప్రింగ్స్ పార్కులో నీటి మట్టానికి దిగువన ఉన్న గది అద్దాల గుండా మనాటీలను చూడవచ్చు. టాంపా దగ్గర అపోలో బీచ్‌లో విద్యుత్ కేంద్రం వదిలే వెచ్చని నీటికి చేరిన మనాటీలను ఉచితంగా చూపిస్తారు, నీరు అంత తేటగా ఉండదు. బెలీజ్‌లో మనాటీలతో ఈత నిషిద్ధం, పడవలో కూర్చుని చూడడమే.

ఒకే రోజు ఉన్నవారికి, అదీ డిసెంబరు, జనవరి చలిలో అయితే, బ్లూ స్ప్రింగే మేలంటాను. ఈదాలన్న కోరిక తీరనివారు చలి తగ్గుముఖం పట్టే మార్చి మొదట్లో, వారాంతం కాని రోజున, తెల్లవారుతూనే బయలుదేరే చిన్న పడవను ఎంచుకోవాలి. అప్పటికి కొన్ని మనాటీలు కింగ్స్ బే వదిలి వెళ్లిపోయి ఉంటాయి కనుక రెండో మూడో మాత్రమే కనిపించవచ్చు. వచ్చే ఏడాది మేమూ అలాగే వెళ్లాలనుకుంటున్నాం. ఆ ఉదయం అనుకోకుండా చలిగాలి వీస్తే వెట్‌సూట్లు సంచిలోంచి తీయకుండా, త్రీ సిస్టర్స్ చెక్కబాటకు టికెట్లు కొనుక్కుంటాం.