తక్షణ రుణం సమీక్ష: ఇప్పటికే బాకీలున్న ఇంటికి పనికొచ్చే సరుకేనా?

ఈ సమీక్ష ఏ ఒక్క కంపెనీ గురించో కాదు, ఒక రకం సరుకు గురించి. ఫోన్‌లో నాలుగు వివరాలు నింపితే నిమిషాల్లో ఖాతాలో పడి, 14 లేదా 30 రోజుల్లో మొత్తం ఒకేసారి కట్టాల్సి వచ్చే చిన్న అప్పు ఇది. యాప్ పేరు, రంగు మారినా లోపలి యంత్రం దాదాపు ఒకటే.

ముందు మంచి సంగతి. వేగంలో వంక పెట్టడానికి లేదు. తాకట్టు అడగరు, హామీదారు అక్కర్లేదు, ఎవరి గుమ్మం ముందూ చేయి చాచి నిలబడక్కర్లేదు. చాలామంది లొంగేది ఈ చివరిదానికే.

ఇక ఖరీదు. తెరమీద 10,000 మంజూరైందని కనిపిస్తుంది. ప్రాసెసింగ్ ఫీజు కింద 1,500 ముందే పట్టుకుని, 8,500 ఖాతాలో వేస్తారు. 30వ రోజున 10,000 కట్టాలి. ‘ఫీజు 15 శాతమే’ అంటారు గానీ, చేతికొచ్చింది 8,500. దానికి నెల తిరిగేసరికి 1,500 అంటే నూటికి పదిహేడున్నర పైచిలుకు వడ్డీ. ఏడాదికి దాదాపు 215 శాతం. అదే ఫీజుతో గడువు 14 రోజులైతే 460 శాతం. ఈ లెక్క ఎవరికి వారే వేసుకోవచ్చు: మొత్తం కట్టేదానిలోంచి చేతికొచ్చింది తీసేయండి, మిగిలినదాన్ని చేతికొచ్చిన దానితో భాగించండి, 365తో హెచ్చించి రోజులతో భాగించండి, ఆపైన 100తో హెచ్చించండి. మంజూరైన అంకెతో భాగిస్తే లెక్క తక్కువగా కనిపిస్తుంది. ప్రకటనల్లో తరచూ కనిపించేది ఆ లెక్కే.

అయితే బాకీలున్నవాళ్లను ముంచేది ముఖ్యంగా వడ్డీ రేటు కాదు, ఒకేసారి కట్టాలన్న షరతు. నెలకు 30,000 వచ్చే ఇంట్లో ఖర్చులు 22,000, పాత వాయిదాలు 7,500 అనుకోండి. మిగులు 500. ఆ మిగులుతో 10,000 తీర్చాలంటే 20 నెలలు కావాలి, గడువు మాత్రం 30 రోజులు. అంటే సంతకం పెట్టిన రోజునే ఈ అప్పు గడువుకి తీరదని తెలిసిపోయింది. అప్పిచ్చేవాడికీ తెలుసు. అతను చూసేది మీ మిగులు కాదు, జీతం పడే తేదీ.

ఆ తేదీన ఆటో డెబిట్ అందరికంటే ముందు వచ్చి 10,000 లాగేసుకుంటుంది. మిగిలిన 20,000 ఇంటి ఖర్చులకే చాలదు, ఆ తర్వాత వచ్చే పాత రుణం వాయిదాకు ఖాతాలో డబ్బుండదు. వాయిదా బౌన్స్ అయితే బ్యాంకు ఒక రుసుము వేస్తుంది, పాత రుణదాత ఆలస్య రుసుము ఇంకొకటి వేస్తాడు, క్రెడిట్ స్కోరు కూడా పడవచ్చు. కొత్త అప్పు సక్రమంగా తీరినట్టే ఉంటుంది, దెబ్బ మాత్రం పాత అప్పుకు తగులుతుంది. అందుకే ఈ రుణం నిజమైన ఖర్చు దాని స్టేట్‌మెంట్‌లో దొరకదు, పక్క ఖాతాల్లో వెతకాలి.

ఖాతా ఖాళీగా ఉంటే ‘పొడిగింపు’ ఇస్తామంటారు. 1,500 కడితే ఇంకో 30 రోజులు. వినడానికి ఊరట, లెక్కలో మాత్రం అసలు ఒక్క పైసా తగ్గదు. నాలుగుసార్లు పొడిగిస్తే 6,000 పోయింది, 10,000 అలాగే నిలిచి ఉంది. చివరకు 8,500 వాడుకున్నందుకు 16,000 కట్టినట్టు. ఇదేదో అరుదుగా జరిగేది కాదు. అమెరికా వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2014లో ఇచ్చిన నివేదిక ప్రకారం జీతం వచ్చే రోజుకి తీర్చాల్సిన అక్కడి చిన్న అప్పుల్లో (పేడే లోన్లు) 80 శాతానికి పైగా రెండు వారాల్లోపే పొడిగింపుకో, మరో కొత్త అప్పుకో దారితీశాయి.

నియంత్రణ ఉంటే భయం లేదనుకునేవాళ్లకు ఒక మాట. బ్రిటన్‌లో 2015 జనవరి నుంచి ఇలాంటి అప్పుమీద వడ్డీ, రుసుములు కలిపి రోజుకు 0.8 శాతం మించకూడదు, మొత్తం భారం తీసుకున్న అసలును దాటకూడదు. 30 రోజుల గడువున్న మన 8,500 ఉదాహరణ రోజుకు 0.59 శాతమే. అంటే ఆ రోజువారీ పరిమితిలో హాయిగా ఇమిడిపోతుంది. చట్టానికి లోబడిన అప్పు చవకైన అప్పు కానక్కర్లేదు.

వాయిదాల్లో కట్టే రకం కొంత మేలు, కానీ ‘ఫ్లాట్’ అన్న మాట కనిపిస్తే ఆగాలి. 12,000కి ఏడాదికి 24 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 2,880, నెలకు 1,240. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మొత్తం 12,000 మీదే పడుతుంది కాబట్టి నిజమైన రేటు 42 శాతం దగ్గర. క్రెడిట్ కార్డు కనీస చెల్లింపూ ఇదే బాపతు: 50,000 బాకీపై నెలకు 3 శాతం వడ్డీ, కనీసం 5 శాతం కట్టాలంటే, కట్టిన 2,500లో 1,500 వడ్డీకే సరి.

ఎవరికి పనికొస్తుంది? వేరే బాకీలేవీ ఆలస్యం కాని వాళ్లకు, గడువులోపు డబ్బు వచ్చేది ఖాయమైనప్పుడు, ఒకే ఒక్కసారికి. పాత అప్పు కట్టడానికి దీన్ని తీసుకోవడం మాత్రం తక్కువ వడ్డీని ఎక్కువ వడ్డీతో తీర్చడమే. దానికంటే పాత రుణదాతకే ఫోన్ చేసి వాయిదా తేదీ మార్చమనో, గడువు పెంచమనో అడగడం చవక. వాయిదా తప్పకముందే అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. రుణం ఇవ్వకముందే మీ జేబులోంచి ఫీజు కట్టమంటే అది మోసమనే అనుకోండి, అక్కడితో ఆపేయండి. ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు చూసే అనుమతి అడిగితే ఇవ్వకండి. వసూలు వేళ బంధువులకు ఫోన్లు వెళ్లేది ఆ జాబితాలోంచే.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ముందు పొడిగింపు ఆపాలి. ఆ 1,500ని అసలులో జమ చేసుకుని, మిగతాది వాయిదాలుగా కట్టనివ్వమని రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో ఒప్పుకున్నది మెయిల్‌లో రాకపోతే లెక్కలోకి రాదు. చాలా ఒప్పందాల్లో కట్టిన డబ్బు ముందు రుసుములకు, తర్వాత వడ్డీకి, ఆఖరున అసలుకు పోతుంది కాబట్టి ‘ఇది అసలుకే’ అన్న ఒప్పుదల ముఖ్యం. ఆటో డెబిట్‌ను గడువుకి కొన్ని రోజుల ముందే బ్యాంకులో రద్దు చేయమని కోరవచ్చు. బాకీ మాత్రం రద్దవదు. డబ్బు ఏ వరసలో పోవాలో మీ చేతిలో ఉంటుంది, అంతే. ఆ వరసలో ఇంటద్దె, కరెంటు, తిండి ముందు. తర్వాత తాకట్టున్న అప్పులు. మిగిలిన వాటిలో అన్నిటికీ కనీసం కట్టి, పైన మిగిలేది ఎంత చిన్నదైనా ఎక్కువ వడ్డీ ఉన్నదానికి. తీరిపోయాక బాకీ లేదన్న పత్రం తీసుకుని దాచండి, నెలా రెండు నెలల తర్వాత క్రెడిట్ రిపోర్టులో ఆ ఖాతా మూసినట్టు నమోదైందో లేదో చూడండి.