పెప్పర్‌మింట్ నూనె మూడు రూపాల్లో: అన్నవాహిక పట్టేసినప్పుడు ఏది అందుతుంది, ఏది అందదు

పేగువాపు జబ్బుతో ఏళ్ళుగా నెట్టుకొస్తున్నవాళ్ళ మందుల డబ్బాలో పెప్పర్‌మింట్ నూనె క్యాప్సూళ్ళు కనిపించడం మామూలే. కడుపులో మెలిపెట్టే నొప్పికి అవి ఎంతో కొంత పనిచేస్తాయి కూడా. అందుకే ముద్ద దిగుతూ దిగుతూ ఛాతీ మధ్యలో పట్టేసి, నొప్పి వీపులోకీ దవడలోకీ పాకినప్పుడు చెయ్యి ముందు ఆ స్ట్రిప్ మీదకే పోతుంది. అరగంట గడిచినా తేడా ఉండదు. 'ఈ నూనె మనకు పనిచెయ్యదు' అని పక్కన పడేస్తారు. తప్పు నూనెది కాదు, దాని పైపూతది.

ముందుగా ఒక్క మాట. ఛాతీనొప్పి మొదటిసారి వచ్చినా, నడిస్తే పెరిగినా, చెమటో ఆయాసమో తోడైనా అది గుండెదే అనుకుని ఆసుపత్రికి పరిగెత్తాలి. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (కీళ్ళవాపు), లూపస్ లాంటి, రోగనిరోధకశక్తి సొంత శరీరం మీదే తిరగబడే జబ్బులున్నవాళ్ళకు గుండెజబ్బు ముప్పు మిగతావాళ్ళ కన్నా ఎక్కువ. నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ గుండెనొప్పినీ తగ్గిస్తుంది, అన్నవాహిక పట్టునీ వదిలిస్తుంది. కాబట్టి 'మందు పెడితే తగ్గింది' అన్నది దేనికీ రుజువు కాదు. కింద రాసిందంతా గుండె పరీక్షలు అయిపోయి, మానోమెట్రీలో కండరం లయ తప్పుతోందని తేలినవాళ్ళ కోసం. ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి, గుటకకు 5 మి.లీ. చొప్పున నీళ్ళు మింగిస్తూ ఒత్తిడి కొలిచే పరీక్ష అది. పది గుటకల్లో కనీసం రెండింట్లో కింది భాగం 4.5 సెకన్ల లోపే తొందరపడి ముడుచుకుంటే అన్నవాహిక స్పాజమ్ అంటారు.

ఇక నూనె సంగతి. అందులో పనిచేసే సరుకు మెంథాల్. నునుపు కండరం ముడుచుకోవాలంటే కణంలోకి కాల్షియం వెళ్ళాలి. మెంథాల్ ఆ దారిని కొంత మూస్తుంది. డిల్టియాజెమ్, నిఫెడిపిన్ అనే బీపీ మందులు చేసేదీ ఇదే పని, కాకపోతే అవి రక్తంలో కలిసి వస్తాయి, పోతూ పోతూ బీపీని కూడా దించుతాయి. మెంథాల్ తాకినచోట పనిచేస్తుంది. కిటుకంతా ఆ 'తాకినచోట' అన్న మాటలోనే ఉంది.

మొదట క్యాప్సూల్. కోల్పర్మిన్ లాంటి వాటిలో ఒక్కోదాంట్లో 0.2 మి.లీ., అంటే 187 మి.గ్రా. నూనె ఉంటుంది. పైన ఆమ్లానికి కరగని పూత. అన్నవాహికనూ జీర్ణాశయాన్నీ దాటి పేగులోకి వెళ్ళాకే నూనె బయటపడాలని ఆ పూత వేశారు. పేగుకు అది వరం. అన్నవాహికకు మాత్రం ఆ క్యాప్సూల్ మూతబిగించిన సీసాలా పక్కనుంచి జారిపోతుంది, అంతే. రెండు గ్లాసులు పెట్టి చూస్తే విషయం కళ్ళకు కడుతుంది. ఒకదాంట్లో గోరువెచ్చటి నీళ్ళు, రెండు చెంచాల వెనిగర్. ఇంకోదాంట్లో గోరువెచ్చటి నీళ్ళు, ఒక చెంచా వంటసోడా. చెరొక క్యాప్సూల్ వెయ్యాలి. సోడా గ్లాసులో పూత ఉబ్బి, మెత్తబడి, ఊడిపోతుంది. కాసేపటికి నీటి మీద నూనె చుక్కలు తేలతాయి, వాసన గుప్పుమంటుంది. వెనిగర్ గ్లాసులోది ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఈ గ్లాసులు ఇంకో సంగతి కూడా చెబుతాయి. స్టెరాయిడ్లు, నొప్పిమాత్రలు వాడుతున్నవాళ్ళలో చాలామందికి ఒమెప్రజోల్ కోవ మాత్ర కూడా రాస్తారు. దాంతో జీర్ణాశయంలో ఆమ్లం తగ్గి, పూత అక్కడే కరిగిపోవచ్చు. అప్పుడు పేగుకూ దక్కదు, అన్నవాహికకూ దక్కదు. మిగిలేది పుల్లటి పుదీనా తేన్పులూ ఛాతీలో మంటా. యాంటాసిడ్‌తోనూ ఇదే గొడవ, రెండింటికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. 'మరి కొరికి మింగితే?' అని అడుగుతారు. వద్దు. 0.2 మి.లీ. చిక్కటి నూనె ఒక్కసారిగా గొంతులో పడితే అసలే ఒరుసుకుపోయిన పొర భగ్గుమంటుంది. పేగు పట్టుకు ఐదులో నాలుగు మార్కులు, అన్నవాహికకు సున్నా. ఇంకోటి, ఇది ముడుచుకున్న కండరాన్ని వదులు చేస్తుందే గానీ వాపును తగ్గించదు. పేగువాపు మందుల బదులు దీన్ని వాడేవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి చెప్పాల్సి వస్తోంది.

చప్పరించే బిళ్ళ మీదే మా ఓటు. చూడ్డానికి మిఠాయిలా ఉండి లోకువైపోయింది గానీ, ఈ పనికి సరిపడే ఆకారం దీనిదే. నోట్లో కరిగి, లాలాజలంతో కలిసి, గుటక గుటకకూ అన్నవాహిక గోడను తడుపుతూ దిగుతుంది. 2019లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో మింగడం కష్టమైనవాళ్ళు, గుండెకు సంబంధం లేని ఛాతీనొప్పి ఉన్నవాళ్ళు మొత్తం 38 మందికి పెప్పర్‌మింట్ బిళ్ళలు ఇస్తే 63 శాతం మంది మెరుగు కనిపించిందన్నారు. పోల్చి చూడటానికి ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చిన గుంపు లేదు, కాబట్టి ఆ అంకెను కొంచెం తగ్గించుకునే చదవాలి.

కొనేటప్పుడు ముందువైపు బొమ్మ కాదు, వెనక చిన్నక్షరాలు చూడాలి. పదార్థాల్లో 'పెప్పర్‌మింట్ నూనె' అని ఉండాలి. 'మింట్ ఫ్లేవర్' అని మాత్రమే ఉంటే అందులో మెంథాల్ ఎంతుందో దేవుడికే ఎరుక. స్పియర్‌మింట్ అయితే అసలే వద్దు. దాని ఘుమఘుమ కార్వోన్ అనే వేరే పదార్థానిది, మెంథాల్ అందులో నామమాత్రం. మనం పుదీనా అని పిలిచేది ఎక్కువగా ఈ స్పియర్‌మింటే కాబట్టి పుదీనా రసం దీనికి సాటి రాదు. తర్వాత తీపి దేంతో వచ్చిందో చూడాలి. చక్కెర లేనివి అని రాసిన వాటిలో సార్బిటాల్, మానిటాల్, జైలిటాల్ ఉంటాయి. ఇవి పేగులో సరిగ్గా ఇంకవు. పేగువాపు ఉన్నవాళ్ళు రోజుకు ఆరేడు చప్పరిస్తే కడుపుబ్బరం, నీళ్ళ విరేచనాలు మొదలై, జబ్బు తిరగబెట్టిందేమోనని కంగారు పడతారు. పైన వదిలించుకుని కింద తగిలించుకున్నట్టవుతుంది. వీళ్ళకు మామూలు చక్కెరవే నయం, పళ్ళు మాత్రం చూసుకోవాలి.

వాడే తీరు: తిండికి పది పదిహేను నిమిషాల ముందు ఒకటో రెండో నాలుక కింద పెట్టుకుని, కొరకకుండా కరగనివ్వాలి. కూర్చునే ఉండాలి. కరుగుతున్నంతసేపూ నీళ్ళు తాగకూడదు, తాగితే మెంథాల్ కాస్తా ఒక్క గుక్కలో కొట్టుకుపోతుంది. కరిగాక ఐదు నిమిషాలాగి, గోరువెచ్చటి నీళ్ళు రెండు మూడు చిన్న గుక్కలు. చల్లనివి ముట్టుకోవద్దు, చాలామందికి పట్టును రేపేదే చల్లటి నీళ్ళు. మెంథాల్ చల్లదనం సంగతేమిటంటారా, అది నిజమైన చలి కాదు, చలిని పసిగట్టే నరాల్ని మెంథాల్ ఏమార్చడం. లాలాజలం ఊరనివ్వని జోగ్రెన్స్ జబ్బుతో నోరెండిపోయేవాళ్ళకు బిళ్ళ కరగక చిగుళ్ళకు అతుక్కుని పుండు చేస్తుంది. వాళ్ళు ముందే ఓ గుక్క వెచ్చటి నీళ్ళతో నోరు తడుపుకుని, బిళ్ళను అటూ ఇటూ జరుపుతూ ఉండాలి. ఐదులో మూడున్నర. మిగతా ఒకటిన్నర ఎందుకు కోశామంటే, ఒక్కో బిళ్ళలో నూనె ఎంతుందో చాలామంది తయారీదార్లు రాయరు.

చుక్కల మందుకు ఆధారమైతే ఉంది. 2001లో స్పాజమ్ ఉన్న ఎనిమిది మందికి 10 మి.లీ. నీళ్ళలో 5 చుక్కల పెప్పర్‌మింట్ నూనె కలిపి తాగించి, పది నిమిషాల తర్వాత మళ్ళీ మానోమెట్రీ చేశారు. లయ తప్పి ఒకేసారి ముడుచుకోవడం ఎనిమిది మందిలోనూ ఆగింది. ఛాతీనొప్పి పోయింది మాత్రం ఇద్దరికే. ఈ రెండో వాక్యాన్ని అమ్మేవాళ్ళెవరూ చెప్పరు.

ఇంట్లో చేసుకోబోతే తేడా కొట్టేది కలపడం దగ్గర. నూనె నీళ్ళలో కరగదు. చెంచాతో తిప్పి, ఆ ఐదు చుక్కలూ పైన తేలుతుండగానే నోట్లో పోసుకుంటే మొదటి గుక్కలో వచ్చేది దాదాపు వట్టి నూనె. పెదవీ అంగుడూ చురుక్కుమని బొబ్బలెక్కుతాయి. మూతగల చిన్న సీసాలో గట్టిగా కుదిపి, నీళ్ళు తెల్లగా మసకబారగానే తాగెయ్యాలి. డ్రాపర్లన్నీ ఒకటి కావు కాబట్టి ఒక సీసా ఐదు చుక్కలు ఇంకో సీసా ఏడెనిమిదికి సమానం కావచ్చు. సువాసన కోసం అమ్మే నూనె లోపలికి తీసుకునేది కాదు. లోపలికి వాడొచ్చని స్పష్టంగా రాసి ఉన్నదే కావాలి, అదీ డాక్టరు సరేనన్నాకే. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ సీసా అందనంత ఎత్తులో ఉండాలి. ఐదులో రెండున్నర.

ఏ రూపమైనా పనికిరానివాళ్ళూ ఉన్నారు. అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగువాపు)తో పాటు పిత్తనాళాల వాపు ఉన్నవాళ్ళు, పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళు, కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్ళు దీన్ని ముట్టుకోకూడదు. చర్మమూ లోపలి అవయవాలూ గట్టిపడే స్క్లెరోడెర్మా జబ్బులో అన్నవాహిక కండరం పట్టేయడం కాదు, చచ్చుబడుతుంది. అక్కడ ఇంకా వదులు చేస్తే ఆమ్లం పైకి తన్నడమే మిగులుతుంది. రోగనిరోధకశక్తిని తగ్గించే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ వాడుతున్నవాళ్ళు డాక్టరుతో చెప్పకుండా మొదలుపెట్టొద్దు. ఎలుకల్లో ఈ నూనె సైక్లోస్పోరిన్ రక్తస్థాయిని పెంచింది. ఆమ్లం పైకి తన్నే తత్వమున్నవాళ్ళకు మంట పెరగొచ్చు. అలాంటివాళ్ళు పడుకోబోయే మూడు గంటల ముందు నుంచి ఆపెయ్యాలి.

ఇవన్నీ సరిగ్గా చేసినా నొప్పి రోజురోజుకూ పెరుగుతుంటే అది పట్టు కాకపోవచ్చు. స్టెరాయిడ్లు, రోగనిరోధకశక్తిని తగ్గించే మందులు వాడేవాళ్ళ అన్నవాహికలో క్యాండిడా బూజు పట్టొచ్చు. మింగిన ప్రతిసారీ నొప్పి దాని గుర్తు. డాక్సీసైక్లిన్ (యాంటీబయాటిక్), అలెండ్రోనేట్ (ఎముకల మాత్ర), నొప్పిమాత్రలు గుక్కెడు నీళ్ళతో వేసుకుని వెంటనే పడుకుంటే గోడకు అతుక్కుని పుండు చేస్తాయి. పుండు మీద మెంథాల్ పడితే గాయం మీద కారం చల్లినట్టే. నిండు గ్లాసు నీళ్ళు, అరగంట నిటారుగా ఉండటం ఆ మాత్రలకు తప్పనిసరి. ముద్ద ఇరుక్కుని లాలాజలం కూడా దిగకపోతే, నల్లటి విరేచనం అయితే, బరువు తగ్గుతుంటే ఎండోస్కోపీ కావాలి, బిళ్ళ కాదు.

పాత క్యాప్సూళ్ళను పారెయ్యక్కర్లేదు. స్ట్రిప్ వెనక పెన్నుతో 'పేగుకు మాత్రమే' అని రాసి, బిళ్ళల డబ్బాకు దూరంగా పెడితే, నొప్పిలో తడుముకునే చెయ్యి సరైనదాని మీదే పడుతుంది.