నల్గొండలో యూఎస్‌బీ హబ్ కొనేవాళ్లు జాగ్రత్త: డబ్బా మీద 3.0, లోపల ఉన్నది 2.0

మన నల్గొండ బజార్లోని ఆ కంప్యూటర్ షాపులో ఎవరూ యూఎస్‌బీ హబ్ (లాప్‌టాప్‌లోని ఒక్క పోర్టుకే చాలా పరికరాలు తగిలించుకునే పెట్టె) కొనకండి. పేరు రాయను. ప్రింటర్ ఇంకు కోసం, కార్ట్రిడ్జ్ రీఫిల్ కోసం తిరిగేవాళ్లందరికీ తెలిసిన షాపే. 1,450 రూపాయలు తీసుకుని నకిలీ సరుకు అంటగట్టారు. వెనక్కి తీసుకుపోతే నలుగురి ముందు పరువు తీశారు. ఇప్పుడే అక్కడి నుంచి వచ్చాను, ఇంకా ఒళ్లు మండుతోంది.

నాది చిన్న ఆన్‌లైన్ సెంటర్. కొత్త లాప్‌టాప్‌కు మామూలు యూఎస్‌బీ పోర్టులు రెండే. ప్రింటర్, వేలిముద్రల మిషన్, వెబ్‌క్యామ్, కీబోర్డు, మౌస్, పాత ఫైళ్లున్న హార్డ్ డిస్క్ అన్నీ పెట్టాలి కాబట్టి సొంత అడాప్టర్‌తో వచ్చే 7 పోర్టుల 3.0 హబ్ (పాత 2.0 కంటే వేగమైన రకం) అడిగాను. కౌంటర్ మీది పిల్లగాడు డబ్బా తీసి, "అన్నా, త్రీ పాయింట్ ఓ. హార్డ్ డిస్క్ పెట్టినా గుంజుతది, గ్యారంటీ" అన్నాడు. డబ్బా మీద 5 జీబీపీఎస్ అని పెద్ద అక్షరాలు, పోర్టులన్నీ నీలం రంగు.

ఆ హబ్ పని ఎట్లుందో చెప్తాను. తిప్పర్తి వైపు నుంచి ఒక పెద్దాయన పీఎం కిసాన్ ఈ-కేవైసీ కోసం వచ్చారు. పత్తి ఏరీ ఏరీ వేలి గీతలు అరిగిపోయాయి, ముద్ర ఒక్కసారి పడడమే గగనం. ఆయన వేలు ఒత్తి పట్టుకున్నారు, మిషన్‌లో లైటు వెలిగింది. అంతలో హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెట్టింది, హబ్ మొత్తం ఆగిపోయింది. స్క్రీన్ మీద 'డివైస్ నాట్ రెడీ'. మళ్లీ పెట్టమంటే మళ్లీ అదే. ఆయన తప్పంతా తన వేలిదే అనుకుని తువ్వాలుకు తుడుచుకుంటూ, "బిడ్డా, నా ఏలు పడ్తలేదా?" అని అడుగుతుంటే నాకు ఏం చెప్పాలో తోచలేదు. వేలు బాగానే ఉంది, హబ్బే దొంగది.

రిపేర్లు చేసే తమ్ముడొకడు చూడగానే పట్టేశాడు. లాప్‌టాప్‌లోకి గుచ్చే హబ్ ప్లగ్‌ను టార్చి వెలుగులో చూడమన్నాడు. నిజమైన 3.0 ప్లగ్ అయితే ముందు వరుసలో 4 బంగారు రంగు పిన్నులు, వాటి వెనక లోపలికి ఇంకో 5 చిన్నవి, మొత్తం 9 ఉండాలి. నాదాంట్లో ఉన్నవి ముందు 4 మాత్రమే. వెనక వట్టి నీలం ప్లాస్టిక్. 4 పిన్నులుంటే అది 2.0. దాని వేగం ఎంత తన్నుకున్నా 480 ఎంబీపీఎస్ దాటదు. డబ్బా మీద రాసిన 5 జీబీపీఎస్ అంటే 5,000 ఎంబీపీఎస్, అందులో ఇది పదో వంతు కూడా కాదు. నీలం రంగు చూసి నమ్మడానికి లేదు, ఆ ప్లాస్టిక్ ఎవరైనా పోసుకోవచ్చు.

అడాప్టర్ సంగతి ఇంకా ఘోరం. దాని మీద 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంది. మీటర్ పెట్టి హార్డ్ డిస్క్ తగిలిస్తే వోల్టేజీ 4 దగ్గరికి పడిపోయింది. హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెట్టేటప్పుడే ఎక్కువ కరెంటు గుంజుతుంది. అప్పుడు అడాప్టర్ చేతులెత్తేస్తే దాంతోపాటు వేలిముద్రల మిషన్, వెబ్‌క్యామ్ అన్నీ పడిపోతాయి. ఇట్లాంటి అడాప్టర్ల మీద బీఐఎస్ (సరుకు నాణ్యతా ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ) ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు, అంటే ఆర్-నంబరు, తప్పనిసరిగా ఉండాలి. దీని మీద ఆ గుర్తే లేదు.

ఇవన్నీ చూపిద్దామని హబ్, డబ్బా, వాళ్లిచ్చిన చీటీ పట్టుకుని షాపుకు పోయాను. అమ్మిన పిల్లగాడు నన్ను చూసి తల వంచుకున్నాడు. ఓనర్‌కు ప్లగ్ చూపించి, పిన్నులు నాలుగే ఉన్నాయని మర్యాదగానే చెప్పాను. చేతిలోకి కూడా తీసుకోలేదు. "నీ లాప్‌టాప్‌లనే షార్టున్నది, మా సామాను మీదికి తోల్తున్నవ్" అన్నాడు. పక్కనే ఉన్న ఇంకో హబ్ తెరిచి చూపించమంటే గొంతు పెంచాడు. "ఏందయ్యా, వాడుకున్నన్ని రోజులు వాడుకొని ఇప్పుడొచ్చి పిన్నులు లెక్కవెడ్తవా? అంత తెలిసినోనివి నువ్వే దుకాణం పెట్టుకోరాదు!"

నేను చీటీ ముందర పెట్టాను. దాని మీద వాళ్ల చేతిరాతతో 'హబ్ – 1450' అని ఉంది. దాన్ని రెండు వేళ్లతో ఎత్తి అక్కడున్నవాళ్లందరికీ చూపిస్తూ, "ఇది మా షాపు చీటీ అని యాడున్నది? పేరున్నదా, నంబరున్నదా?" అన్నాడు. కొనేనాడు పక్కా బిల్లు అడిగితే "18 పర్సెంట్ ఎక్కువైతది, ఊకె ఎందుకన్నా" అని ఆ కచ్చా చీటీ చేతిలో పెట్టింది ఈయనే. నా మేలు కోరి చెప్పినట్టు చెప్పిన మాటను అడ్డం పెట్టుకుని నన్ను అబద్ధాలకోరును చేశాడు. ఆ 1,450 కంటే ఇదే నన్ను కోస్తోంది. కన్స్యూమర్ కమిషన్‌కు పోతానంటే, "దుకాణంల వాడెటోళ్లకు అది నడువది, పో" అన్నాడు.

నడుస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, స్వయం ఉపాధి మీద బతికేవాళ్లు ఆ పని కోసమే కొనుక్కున్న వస్తువుకు కూడా వినియోగదారులే. బిల్లు ఇవ్వకపోవడం తప్పు. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం కూడా తప్పే. జిల్లా కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. చీటీ కాదన్నా, నేను ఫోన్‌లో కొట్టిన డబ్బు ఎవరి ఖాతాలో పడిందో, ఏ రోజు పడిందో యూపీఐలో ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను.

కొనేవాళ్లు డబ్బులిచ్చే ముందే ప్లగ్‌లో 9 పిన్నులు చూసుకోండి, అడాప్టర్ మీది ఆర్-నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, పక్కా బిల్లు లేకుంటే వదిలేయండి. అడాప్టర్ లేని హబ్బులైతే మౌస్, కీబోర్డు వరకే. లాప్‌టాప్ 3.0 పోర్టు ఇచ్చే 900 మిల్లీఆంపియర్లనే అన్నీ పంచుకోవాలి, హార్డ్ డిస్క్‌ను మాత్రం నేరుగా లాప్‌టాప్‌కే పెట్టండి.

నీలం పోర్టుల 7 పోర్టుల హబ్ ఈ మధ్య అక్కడే కొన్నవాళ్లుంటే, ప్లగ్ లోపలి భాగం, మీకిచ్చిన చీటీ రెండూ కనబడేటట్టు ఫొటో తీసి పంపండి. నా ఫిర్యాదుకు జత చేస్తాను.